ఉత్తుత్తి రేడియో దగ్గర నెగ్గిన ప్రోగ్రాం అసలు రేడియో దగ్గర ఎందుకు తప్పింది?

ప్రశ్న: వైనతేయ (అంబాజీపేట)

అందరికీ నమస్కారం. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. హామ్, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడిపేవారి, పరీక్ష రాసి లైసెన్సు కోసం ఎదురుచూస్తున్నాను కాబట్టి సొంత రేడియో ఇంకా లేదు. నాకు అందుబాటులో ఉన్న ఒకే ఒక్క సెట్టు నరసాపురంలో ఉంటున్న మా మాస్టారిది, పాత ఐకామ్ ఐసీ-718. సఖినేటిపల్లి వెళ్లి, అక్కడ పంటు ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటితే గానీ ఆ రేడియో ముఖం చూడలేను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, 10 లక్షల క్యూసెక్కుల మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే రేవులో పంట్లు కట్టేసి ఉంటాయి. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లవచ్చు గానీ, కాలేజీ ఉన్న రోజుల్లో అది కుదిరే పని కాదు.

అందువల్ల ప్రోగ్రాంను ఇంటి దగ్గరే రాసి, ఇంటి దగ్గరే పరీక్షించి, వీలైన ఆదివారాలు మాత్రం మాస్టారి ఇంట్లో సరిచూసుకోవాలని అనుకున్నాను. అది చేయవలసిన పని పెద్దదేమీ కాదు. వరద రోజుల్లో మా వైపు హామ్‌లు కలుసుకునే మూడు ఫ్రీక్వెన్సీల మధ్య రేడియోను వంతులవారీగా తిప్పాలి, ప్రతిచోటా ఎస్-మీటరు (అందే సంకేతం బలాన్ని చూపేది) విలువను చదివి నమోదు చేయాలి, ఎవరైనా పిలిచినప్పుడు మాస్టారు తెర మీది బటన్ నొక్కితే ప్రసారాన్ని మొదలుపెట్టాలి. ఈ సెట్టులో ప్రసారాన్ని ఆదేశంతో మొదలుపెట్టే సౌకర్యం లేదు కనుక, యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌లోని ఆర్‌టీఎస్ అనే సంకేత తీగ నుంచి ఒక ట్రాన్సిస్టర్ ద్వారా పీటీటీకి, అంటే రేడియోను ప్రసారంలోకి మార్చే మీటకు, కలిపాము.

ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. ఐకామ్ సెట్లు కంప్యూటరుతో మాట్లాడటానికి వాడే సీఐ-వీ పద్ధతి గురించి మాన్యువల్‌లో చదువుకొని, దానికి తగినట్టు బదులిచ్చే ఉత్తుత్తి రేడియోను కూడా నేనే రాశాను. లినక్స్‌లో సోక్యాట్ అనే ప్రోగ్రాం సాయంతో ఒక జత కల్పిత సీరియల్ పోర్టులు సృష్టించి, ఒక కొసను ప్రోగ్రాంకూ రెండో కొసను ఉత్తుత్తి రేడియోకూ ఇచ్చాను. 62 పరీక్షలు రాశాను, అన్నీ నెగ్గాయి.

పోయిన ఆదివారం అసలు రేడియోకు తగిలించాక జరిగినవి ఇవి. ప్రోగ్రాం పోర్టును తెరిచిన క్షణంలోనే, ఏ బటనూ నొక్కకుండానే, రేడియో ప్రసారంలోకి వెళ్లి ఎర్ర దీపం వెలిగింది. మాస్టారు చేత్తో కేబుల్ లాగేశారు. ఆ తరువాత పీటీటీ తీగను ఊడదీసి మిగతా పని ప్రయత్నించాము. 7.074 మెగాహెర్ట్జ్‌కు వెళ్లమంటే ప్రోగ్రాం "సరే, మారింది" అని రాసింది గానీ రేడియో కదల్లేదు. ప్రస్తుత ఫ్రీక్వెన్సీ ఎంత అని అడిగితే ప్రతిసారీ సున్నా వచ్చింది. విచిత్రమేమిటంటే, మాస్టారు యథాలాపంగా 14.0714 కొట్టి చూడమన్నప్పుడు మాత్రం రేడియో సరిగ్గా అక్కడికే వెళ్లింది. అంతకంటే విచిత్రం, రేడియోను పూర్తిగా ఆపివేసి 7.074కు వెళ్లమన్నా ప్రోగ్రాం "సరే, మారింది" అనే చెప్పింది. చివరగా మాస్టారు సెట్టు మీది నాబ్ తిప్పుతుండగా ప్రోగ్రాం ఎక్కడో ఏదో బైటును అర్థం చేసుకోలేక ఆగిపోయింది.

తప్పు ప్రోగ్రాంలో ఉందా, ఉత్తుత్తి రేడియోలో ఉందా? దీన్ని వదిలేసి, రకరకాల రేడియోలను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన హామ్‌లిబ్‌తో వచ్చే డమ్మీ రేడియోను వాడుకోవడం మంచిదా? పంట్లు ఆగే రోజుల్లో నేను నమ్ముకోగలిగిన పరీక్షా విధానం ఒకటి కావాలి.

జవాబు 1: గట్టుమీద టెస్టరు (భీమవరం)

రకరకాల పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడమే నా ఉద్యోగం కాబట్టి మీ ప్రశ్న చదువుతుంటే పాత గాయాలు గుర్తుకు వచ్చాయి. తప్పు రెండింటిలోనూ ఉంది, పైగా అది ఒకే తప్పు. ప్రోగ్రాం రాసిన చేయే సిమ్యులేటర్‌ను, అంటే మీ ఉత్తుత్తి రేడియోను, కూడా రాసింది. మాన్యువల్‌లో ఒక వాక్యాన్ని మీరు పొరపాటుగా అర్థం చేసుకుంటే ఆ పొరపాటు రెండు వైపులా ఒకేలా దిగుతుంది, రెండూ ఒకదానితో ఒకటి చక్కగా ఏకీభవిస్తాయి, పరీక్ష నెగ్గుతుంది. మీ 62 పరీక్షలూ నిరూపించినది మీ నమ్మకాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే. రేడియో సంగతి వాటికి తెలియదు.

ముందు 14.0714 ముడి విప్పుదాం, ఎందుకంటే మీ మాస్టారు తెలియకుండానే మీకు చాలా విలువైన ఆధారం ఇచ్చారు. సీఐ-వీలో ఫ్రీక్వెన్సీని పది అంకెలుగా రాసి, రెండేసి అంకెలను ఒక బైటులో పెట్టి, ఆ అయిదు బైట్లను చిన్న స్థానం నుంచి పెద్ద స్థానానికి, అంటే మనం చదివే వరుసకు తిరగేసి పంపాలి. 7.074 మెగాహెర్ట్జ్ అంటే 0007074000 హెర్ట్జ్. తీగ మీద వెళ్లవలసిన వరుస 00 40 07 07 00. మీరు బహుశా 00 07 07 40 00 అని పంపి ఉంటారు. రేడియో దాన్ని 40.0707 మెగాహెర్ట్జ్ అని చదువుకుంటుంది, అది 30 మెగాహెర్ట్జ్‌కు లోపల మాత్రమే పనిచేసే సెట్టు కాబట్టి కుదరదని తిరస్కరిస్తుంది. ఇప్పుడు 14.0714ను చూడండి: 00 14 07 14 00. ఎటునుంచి చదివినా ఒకటే. అందుకే అది ఒక్కటే పనిచేసింది. "వికటకవి" అన్న మాటతో అక్షరాల వరుసను పరీక్షించినట్టయింది. పరీక్షకు ఫ్రీక్వెన్సీలను ఎన్నుకునేటప్పుడు బైట్లన్నీ వేరువేరుగా ఉండేవి తీసుకోండి. 14.234567 లాంటిది పెడితే బైట్లు 67 45 23 14 00 అవుతాయి, ఏ రెండు తారుమారైనా వెంటనే బయటపడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఎదురుచూసే బైట్లను మీ ప్రోగ్రాంలోని ఫంక్షన్‌తో లెక్కకట్టించకుండా, మాన్యువల్ పక్కన పెట్టుకొని చేత్తో రాయండి. మీ ఫంక్షన్ తయారుచేసిన జవాబుతో మీ ఫంక్షన్‌నే పోల్చితే తేడా ఎప్పటికీ కనిపించదు.

రెండవది, ఆపివేసిన రేడియో "సరే" అనడం. సీఐ-వీ ఒంటి తీగ బస్, అంటే అందరూ ఒకే తీగ మీద మాట్లాడుకునే ఏర్పాటు. మీ కేబుల్‌లో పంపే తీగ, అందుకునే తీగ రెండూ ఆ ఒక్క తీగకే కలుస్తాయి కాబట్టి, మీరు పంపిన ప్రతి బైటూ ముందుగా మీకే ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది. రేడియో ఆగి ఉన్నా సరే, కేబుల్ ఒక్కటే చాలు. ప్రోగ్రాం ఆ ప్రతిధ్వనినే జవాబు అనుకున్నది. ఫ్రీక్వెన్సీ అడిగే ఆదేశం ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ 5ఈ ఈ0 03 ఎఫ్‌డీ. ఇందులో 5ఈ రేడియో చిరునామా, ఈ0 కంప్యూటరుది. దాని ప్రతిధ్వనిలో విలువ ఉండదు కాబట్టి మీకు సున్నా కనిపించింది. అసలు జవాబు దాని వెనకాల వస్తుంది, అందులో చిరునామాలు తారుమారై ముందు ఈ0, తరువాత 5ఈ ఉంటాయి. ఫ్రీక్వెన్సీ మార్చే ఆదేశానికైతే ఒప్పుకుంటే ఎఫ్‌బీ, తిరస్కరిస్తే ఎఫ్‌ఏ వస్తుంది. మీ రేడియో నిజాయితీగా ఎఫ్‌ఏ పంపే ఉంటుంది, వినిపించుకున్నవారు లేరు. చిరునామా చూడకుండా ఏ ఫ్రేమునూ, అంటే ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ నుంచి ఎఫ్‌డీ దాకా ఉండే సందేశాన్ని, జవాబుగా ఒప్పుకోవద్దు.

మూడవది నాబ్. సీఐ-వీ ట్రాన్సీవ్ అనే అమరిక ఆన్‌లో ఉంటే, నాబ్ తిప్పినప్పుడల్లా రేడియో తనంతట తానే కొత్త ఫ్రీక్వెన్సీని 00 చిరునామాకు, అంటే అందరికీ, చాటుతుంది. మీ ప్రశ్నకూ దాని జవాబుకూ మధ్యలో ఇలాంటి అడగని కబురు దూరవచ్చు. ఒకే సమయంలో రెండు వైపుల నుంచీ బైట్లు బయలుదేరి ఢీకొంటే ఎఫ్‌సీ అనే గుర్తు కూడా రావచ్చు. అమరికను ఆపివేస్తే పోతుంది కదా అనుకోకండి. రేపు ఎవరో దాన్ని మళ్లీ ఆన్ చేస్తారు.

ఇంకొకటి, మీకు ఇంకా తగలని దెబ్బ. కల్పిత పోర్టుకు వేగం అనేది లేదు. మీరు 9600 అని పెట్టినా 1200 అని పెట్టినా బైట్లన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. అసలు తీగ మీద 9600 వేగంలో ఒక బైటుకు సుమారు 1.04 మిల్లీసెకన్లు, 1200లో 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. పదకొండు బైట్ల ఫ్రీక్వెన్సీ జవాబు 1200 వేగంలో పూర్తిగా రావడానికి 90 మిల్లీసెకన్లు దాటుతుంది. కాబట్టి ఒకసారి చదివితే సగం ఫ్రేమే చేతికి రావచ్చు, మరొకసారి ఒకటిన్నర ఫ్రేములు రావచ్చు. ఎఫ్‌డీ కనిపించేదాకా పోగుచేసుకొని, ఆ తరువాతే విప్పి చూసే పద్ధతి మీ ప్రోగ్రాంలో ఉందో లేదో ఇప్పటి సిమ్యులేటర్ ఎన్నటికీ చెప్పలేదు.

ఇక చేయవలసింది. వచ్చే ఆదివారం ప్రోగ్రాంకూ అసలు పోర్టుకూ మధ్య సోక్యాట్‌ను కూర్చోబెట్టి, బైట్లను పదహారు అంకెల పద్ధతిలో సమయంతో సహా నమోదు చేసే ఆప్షన్, అంటే చిన్న ఎక్స్ (-x), పెట్టి నడపండి. మామూలు సంభాషణ, తిరస్కరించవలసిన ఆదేశం, నాబ్ తిప్పుతుండగా అడిగిన ప్రశ్న, రేడియో ఆపి ఉన్నప్పుడు అడిగిన ప్రశ్న, మధ్యలో ఆపినప్పుడు జరిగినది, ఇవన్నీ విడివిడి ఫైళ్లుగా దాచుకొని ఇంటికి తెచ్చుకోండి. ఆ రికార్డులే మీ కొత్త సిమ్యులేటర్‌కు పాఠ్యపుస్తకం. మాన్యువల్ చెప్పినదానికీ రికార్డుకూ తేడా వస్తే రికార్డునే నమ్మండి.

జవాబు 2: పాత హామ్ (పాలకొల్లు)

బాబూ, పై మిత్రుడు బైట్ల సంగతి నాకంటే బాగా చెప్పారు. అయితే మీరు మొదట చెప్పిన సంఘటనను ఆయన వదిలేశారు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడవలసింది అదే. తప్పు ఫ్రీక్వెన్సీ చూపించే ప్రోగ్రాం వల్ల చిరాకు మాత్రమే కలుగుతుంది. ఎవరూ అడగకుండా ప్రసారంలోకి వెళ్లే ప్రోగ్రాం వల్ల వరద రోజున హామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి నడిపే నెట్ మొత్తం మూగబోతుంది, పైగా లైసెన్సుదారుడైన మీ మాస్టారు జవాబు చెప్పుకోవాలి.

లినక్స్‌లో ఒక సీరియల్ పోర్టును తెరవగానే డీటీఆర్, ఆర్‌టీఎస్ తీగలు రెండూ వాటంతట అవే పైకి లేస్తాయి. మీ పీటీటీ ఆర్‌టీఎస్ మీద ఉంది కాబట్టి రేడియో ప్రసారంలోకి వెళ్లింది. ఇంటి దగ్గర ఇది ఎందుకు కనిపించలేదంటే, సోక్యాట్ ఇచ్చే కల్పిత పోర్టులకు ఈ తీగలు అసలు లేవు. పైథాన్‌లో సీరియల్ పోర్టులకు అందరూ వాడే పైసీరియల్, పోర్టు తెరిచేటప్పుడు ఆ తీగలను కదపబోయి, అవి లేవని వ్యవస్థ చెబితే ఆ తప్పును చప్పుడు చేయకుండా మింగేస్తుంది. అందుకే మీకు హెచ్చరిక కూడా రాలేదు.

తెరవకముందే రెండు తీగలనూ దించి ఉంచమని పైసీరియల్‌కు చెప్పవచ్చు, చెప్పండి కూడా. అంతటితో నిశ్చింతగా ఉండకండి, ఎందుకంటే తెరిచే పని లినక్స్ లోపలి కెర్నల్ చేతిలో ఉంటుంది, అది ఒక్క క్షణం లేపి ఆ తరువాతే మీ మాట వింటుంది. ఆ క్షణకాలపు కుదుపు చాలు రిలే టిక్కుమనడానికి. దీనికి సరైన మందు తీగల్లోనే ఉంది. ఆర్‌టీఎస్ లేచి, డీటీఆర్ దిగి ఉన్నప్పుడు మాత్రమే పీటీటీ పడేలా సర్క్యూటును మార్చండి. పోర్టు తెరిచినప్పుడు రెండూ కలిసి లేస్తాయి కాబట్టి ఏమీ జరగదు. ఈఎస్‌పీ32 బోర్డుల మీద తనంతట తాను రీసెట్ అయ్యే భాగంలో రెండు ట్రాన్సిస్టర్లను అడ్డదిడ్డంగా కలిపి ఉంచుతారు చూడండి, అదే కిటుకు. డిప్లొమా విద్యార్థి కాబట్టి మీ దగ్గర అలాంటి బోర్డు ఒకటి ఉండే ఉంటుంది.

దీన్ని సాఫ్ట్‌వేర్‌లోనే పరీక్షించాలంటే సోక్యాట్ పనికిరాదు. టీటీవై0టీటీవై అనే కెర్నల్ మాడ్యూలు దొరుకుతుంది. అది రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే నల్-మోడెమ్ కేబుల్‌లాగా ఒక కొసలోని ఆర్‌టీఎస్‌ను రెండో కొసలో సీటీఎస్‌గానూ, డీటీఆర్‌ను డీఎస్‌ఆర్‌గానూ చూపిస్తుంది. మీ ఉత్తుత్తి రేడియో సీటీఎస్‌ను గమనిస్తూ ఉండి, అనుమతి లేకుండా ఒక్క క్షణం లేచినా పరీక్ష ఓడిపోయినట్టు రాయాలి.

ఇంకొక్క మాట. ప్రసారం నడుస్తుండగా ప్రోగ్రాంను బలవంతంగా చంపి చూడండి. పోర్టు మూతపడగానే కెర్నల్ తీగలను దించుతుంది కాబట్టి మీ పీటీటీ విడుదల అవుతుంది. కానీ రేపు మీరు ఐసీ-7300 లాంటి కొత్త సెట్టు కొని, 1సీ 00 అనే సీఐ-వీ ఆదేశంతో ప్రసారం మొదలుపెట్టారనుకోండి, అప్పుడు ప్రోగ్రాం చచ్చిపోయినా రేడియోకు ఆ సంగతి తెలియదు, ప్రసారం సాగుతూనే ఉంటుంది. రేడియో మెనూలో ప్రసార కాలపరిమితి ఉంటే పెట్టుకోవాలి, ప్రోగ్రాం బయట మరొక కావలి ప్రోగ్రాం ఉండాలి. ఇక అసలు రేడియోతో చేసే ప్రతి ప్రసార పరీక్షా 50 ఓముల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించి ప్రసార శక్తిని వేడిగా మార్చేది) మీదే, పవరు తక్కువలో పెట్టి. యాంటెన్నా ఊడదీసి ఖాళీగా మాత్రం వదలవద్దు.

జవాబు 3: గౌతమి గాలి (యానాం)

హామ్‌లిబ్ గురించి అడిగారు కాబట్టి దాని వరకు చెబుతాను. డమ్మీ రేడియో అందులో 1వ నంబరు మోడల్. హామ్‌లిబ్‌తో వచ్చే రిగ్‌సీటీఎల్‌డీ అనే ప్రోగ్రాంను ఆ నంబరుతో నడిపితే 4532 పోర్టులో కూర్చుంటుంది. దానికి పెద్ద ఎఫ్, ఖాళీ, 7074000 అని పంపితే ఆర్‌పీఆర్‌టీ 0 అని బదులిస్తుంది, చిన్న ఎఫ్ పంపితే 7074000 అని తిరిగి చెబుతుంది. గడియారంలా పనిచేస్తుంది. అదే దానిలోని లోపం కూడా. అది మీరు ఇచ్చిన విలువను జ్ఞాపకం పెట్టుకొని తిరిగి ఇచ్చే అల్మారా వంటిది. దానికి ప్రతిధ్వని లేదు, వేగం లేదు, నాబ్ లేదు.

అయినా దాన్ని తోసిపుచ్చవద్దు. మూడు ఫ్రీక్వెన్సీల మధ్య వంతులు సరిగ్గా తిరుగుతున్నాయా, నమోదు సరిగ్గా జరుగుతోందా, తెర మీది బటన్ సరైన సమయంలో వెలుగుతోందా అన్నవి చూడటానికి అల్మారా చాలు, అది వేగంగా కూడా ఉంటుంది. మీ ప్రోగ్రాంను రెండు అంతస్తులుగా విడదీసి, పై అంతస్తును డమ్మీతో, తీగతో మాట్లాడే కింది అంతస్తును రికార్డుల నుంచి పుట్టిన సిమ్యులేటర్‌తో పరీక్షించండి. కింది అంతస్తును మీరే రాయాలన్న పట్టుదల లేకపోతే అక్కడ హామ్‌లిబ్‌నే పెట్టుకోవచ్చు. ప్రతిధ్వనినీ బైట్ల వరుసనూ అది ఎన్నో ఏళ్ల క్రితమే నేర్చుకుంది. ఐసీ-718 కూడా అది ఎరిగిన సెట్లలో ఒకటి.

హామ్‌లిబ్ మూలప్రతిలోనే సిమ్యులేటర్స్ అనే ఫోల్డరు ఉందని చాలామందికి తెలియదు. ఐకామ్, కెన్‌వుడ్, యాసు సెట్లలో కొన్నింటిలాగా బైటు స్థాయిలో బదులిచ్చే చిన్న చిన్న సీ ప్రోగ్రాంలు అందులో ఉన్నాయి. నడిపితే కల్పిత పోర్టు ఒకటి తెరిచి దాని పేరు చూపిస్తాయి. వాటిని రాసినవారు వేరు, మీరు వేరు. పై మిత్రుడు చెప్పిన "ఒకే చేయి" సమస్యకు అది సగం మందు. మీరు హామ్‌లిబ్ వాడకపోయినా మీ ప్రోగ్రాంను ఆ సిమ్యులేటర్ల మీదకు వదిలి చూడండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. హామ్‌లిబ్ 4వ శ్రేణి ఇటీవల చదివిన విలువలను కొద్దిసేపు తన దగ్గర దాచుకొని, మళ్లీ అడిగితే వాటినే ఇస్తుంది. నాబ్ తిప్పిన వెంటనే పాత విలువ కనిపిస్తే కంగారుపడవద్దు, కానీ పరీక్ష రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు: వైనతేయ

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం పంటు నడిచింది, వెళ్లి వచ్చాను.

వెళ్లే ముందే శనివారం రాత్రి, పాత ఉత్తుత్తి రేడియోలో ఒకే ఒక్క మార్పు చేశాను: అందిన ప్రతి బైటునూ ముందుగా ప్రతిధ్వనిగా తిరిగి పంపించాను. 62 పరీక్షల్లో 41 ఓడిపోయాయి. మొదట బాధ కలిగింది, తరువాత అవి ముందే ఎందుకు ఓడిపోలేదా అన్న సిగ్గు కలిగింది. బైట్ల వరుస విషయంలో టెస్టరు గారి ఊహ అక్షరాలా నిజం. మాన్యువల్‌లోని బొమ్మను నేను ఎడమ నుంచి కుడికి పెద్ద స్థానం ముందు అనుకొని చదివాను, రెండు ప్రోగ్రాంలలోనూ అలాగే రాశాను.

మాస్టారి ఇంట్లో తొమ్మిది రికార్డులు తీసుకున్నాము. నాబ్ తిప్పుతుండగా తీసినది చూస్తే నా ప్రశ్న ప్రతిధ్వనికీ రేడియో జవాబుకూ మధ్యలో అందరికీ చాటే ఫ్రేము ఒకటి కూర్చొని ఉంది. నేను ఊహించి రాసి ఉంటే దాన్ని జవాబు తరువాతే పెట్టేవాడిని. మధ్యలో రాగలదన్న ఆలోచన నాకు తట్టేది కాదు. మరొక రికార్డు అనుకోకుండా దొరికింది. సంభాషణ నడుస్తుండగా కరెంటు పోయింది. రేడియో బ్యాటరీ మీద ఉంది, ల్యాప్‌టాప్ కూడా నడుస్తోంది, కానీ వాటి మధ్య మేము పెట్టిన యూఎస్‌బీ హబ్బుకు విడిగా కరెంటు కావాలి. కరెంటు తిరిగి వచ్చాక కేబుల్ టీటీవైయూఎస్‌బీ0గా కాక టీటీవైయూఎస్‌బీ1గా లేచింది, ప్రోగ్రాం పాత పేరు పట్టుకొని ఎదురుచూస్తూ ఉండిపోయింది. వర్షాకాలంలో మా వైపు ఇది రోజుకు నాలుగుసార్లు జరిగే విషయమే, అయినా ఒక్క పరీక్షలోనూ కరెంటు పోలేదు.

దీని కోసం ఇప్పుడు పోర్టును బై-ఐడీ ఫోల్డరులోని స్థిరమైన పేరుతో తెరుస్తున్నాను. ఉత్తుత్తి రేడియోకు కూడా సంభాషణ మధ్యలో పోర్టును మూసి, కొన్ని సెకన్ల తరువాత మళ్లీ తెరవడం నేర్పాను. హామ్‌లిబ్ సిమ్యులేటర్లను ఇంకా ప్రయత్నించలేదు.

ఒక సందేహం మిగిలింది. ఇప్పుడు సిమ్యులేటర్‌లో తొమ్మిది రికార్డులు, వాటి మీద నేను కల్పించిన ఆలస్యాలు, తెగిపోవడాలు, చెడిపోయిన బైట్లు ఉన్నాయి. ఏవి ఎప్పుడు రావాలో యాదృచ్ఛికంగా వదిలితే ఒకసారి ఓడిన పరీక్ష మళ్లీ నడిపితే నెగ్గుతోంది. దీన్ని ఎలా పట్టుకోవాలి?

జవాబు: గట్టుమీద టెస్టరు

యాదృచ్ఛిక సంఖ్యలకు విత్తనం (సీడ్, అంటే వాటి వరుసను నిర్ణయించే మొదటి సంఖ్య) ఒకటి పెట్టి, ప్రతి పరీక్ష మొదట్లో ఆ విత్తనం సంఖ్యను నమోదులో రాయించండి. ఓడిపోయినప్పుడు అదే విత్తనంతో మళ్లీ నడిపితే అవే ఆలస్యాలు, అవే తెగిపోవడాలు అదే వరుసలో వస్తాయి. అయితే నిజమైన గడియారం నడుస్తున్నంతకాలం ఇది పూర్తిగా పనిచేయదు, ఎందుకంటే మీ ల్యాప్‌టాప్ మరో పనిలో ఉన్నప్పుడు 20 మిల్లీసెకన్ల ఆలస్యం 35 అవుతుంది. ప్రోగ్రాం సమయాన్ని వ్యవస్థ నుంచి నేరుగా అడగకుండా, మీరు ఇచ్చిన గడియారాన్ని అడిగేలా మార్చండి. పరీక్షలో ఆ గడియారం మీ చేతిలో ఉంటుంది, మీరు ముందుకు జరిపితేనే జరుగుతుంది. మూడు నిమిషాల ప్రసార పరిమితిని పరీక్షించడానికి మూడు నిమిషాలు కూర్చోనక్కరలేదు కూడా.

ఓడిపోయిన ప్రతి విత్తనాన్నీ తీసి పారేయకుండా పేరుపెట్టి శాశ్వత పరీక్షగా దాచండి. "కరెంటు పోయిన ఆదివారం" అన్న పేరు నాకైతే నచ్చుతుంది.

చెడిపోయిన బైట్ల గురించి ఒక మాట. వాటిని ఎక్కడపడితే అక్కడ చల్లకండి. 100 వాట్ల ప్రసారం జరిగేటప్పుడు ఆ శక్తి కేబుల్‌లోకి దూరి బైట్లను చెడగొడుతుంది, అంటే అవి ప్రసార సమయంలోనే గుంపుగా చెడతాయి, వినే సమయంలో సాధారణంగా శుభ్రంగానే ఉంటాయి. మీ సిమ్యులేటర్ కూడా సీటీఎస్ లేచి ఉన్నప్పుడే చెడగొట్టాలి. ప్రసారాన్ని ఆపవలసిన క్షణంలోనే మాట వినిపించకుండా పోతే మీ ప్రోగ్రాం ఏం చేస్తుందన్నది అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: వైనతేయ

గడియారం మార్పు మొదలుపెట్టాను. టీటీవై0టీటీవై మాడ్యూలు నా కెర్నల్‌కు తగినట్టు తయారుచేసుకున్నాను. పోర్టు తెరిచినప్పుడు సీటీఎస్ ఒక్కసారి లేచి దిగడం ఉత్తుత్తి రేడియో పట్టుకుంది. పాత హామ్ గారు చెప్పిన రెండు ట్రాన్సిస్టర్ల సర్క్యూటు బ్రెడ్‌బోర్డు మీద వేసి, పీటీటీ బదులు ఎల్‌ఈడీ పెట్టి యాభైసార్లు పోర్టు తెరిచి మూశాను, ఒక్కసారీ వెలగలేదు. ప్రసారం మొదలుపెట్టమన్నప్పుడు వెలిగింది. అసలు రేడియోకు ఇంకా కలపలేదు, మాస్టారి దగ్గర డమ్మీ లోడ్ లేదు.

జవాబు: పాత హామ్ (పాలకొల్లు)

నా దగ్గర ఉంది, 50 ఓములదే, 100 వాట్లకు సరిపోతుంది. నాకు నరసాపురం బస్సులో దగ్గరే కాబట్టి మీరు వచ్చే ఆదివారం నేనే పట్టుకొస్తాను. పంటు ఆగిపోతే ముందురోజే ఇక్కడ రాయండి. పవరును అన్నిటికంటే తక్కువకు తిప్పి, మైకు ఊడదీసి, ముందు ఆ ఎల్‌ఈడీని పీటీటీతో పాటే ఉంచి చూద్దాం.